ఓటేరి కాలువ పక్క నల్లబోర్డు

పొద్దన అయిదింటికి నా చేతిలో సుద్దముక్క ఉంటాది.
బడివాళ్లు పారేసిన నల్లబోర్డు, ఒక మూల పగిలింది,
రేషన్‌కొట్టు గోడకి తీగెతో కట్టినాం.
వార్డాఫీసు కబురు అరవంలో వస్తాది,
కాగితం మీద, ఫోన్లో, ఒక్కోసారి మేస్త్రీ నోట్లో.
నేను దాన్ని మా ఇళ్లల్లో మాట్లాడే మాటలోకి దింపుతాను.

అయితే అక్షరాలు మావి కావు.
మా తాత ఉదయగిరి నుంచి ఈ ఊళ్లో దిగినప్పుడు
మూటలో మాట ఉంది, పలక లేదు.
చేతికి చీపురు ఇచ్చినారు.
మేం చదివింది కార్పొరేషన్ బడి, నేర్చింది అరవ రాత.
కాబట్టి మా తెలుగు ఆ అక్షరాల్లో అద్దెకుంటాది.
ఇరుకిల్లు. క, గ ఒకే గదిలో,
ప, బ ఒకే చాప మీద.
ఒత్తులు గుమ్మం బయటే పడుకుంటాయి.

మంగళవారం రాసినాను:
అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు.
దానమ్మ కొడుకు గట్టిగా చదివినాడు: పిల్లలకి కుట్లు.
పెంచలమ్మ బిందె దించేసి పరిగెత్తుకొచ్చింది,
యాడ పడినారు, ఎంతమంది, ఏ ఆస్పత్రి?
ఆ నెలంతా మా కాలనీలో
నాకో కుట్టు ఉడకబెట్టవే అంటే
ఎవరికీ నొప్పి పుట్టలేదు.

నీళ్ల లారీ ఆరున్నరకి.
నిన్న రాలేదు, అది కూడా రాస్తాను.
దోమల పొగ. కుక్కలకి సూది.
మూడో బ్లాకు కక్కసుకి తలుపు వచ్చింది, గొళ్లెం రాలేదు.
గురువారం కౌన్సిలరమ్మ వస్తాది
అనే మాట రాసి చెరిపి, రాసి చెరిపి
ఆ మేరకి బోర్డు తెల్లబడిపోయింది.

భూలోకం మామ ముప్పై ఆరేళ్లు వీధులూడ్చినాడు,
ఏ పుస్తకంలోనూ లేకుండా.
యాపపుల్ల నమల్తా రోజూ బోర్డు ముందుకొస్తాడు.
చదవడం రాదు. చదివినట్టే నిలబడతాడు.
నా పేరుందేమ్మే?
పింఛన్ లిస్టు సంగతి.
లేదు మామా.
సరే, లారీ ఎన్నింటికి?
ఇవే రెండు ప్రశ్నలు, ఇదే వరస, నాలుగేళ్లు.

ఒకసారి కోపమొచ్చి వార్డాఫీసుకి పోయినాను.
నా ఫోన్లో బోర్డు ఫోటో చూసి గుమాస్తా అన్నాడు,
అక్షరం మాదే, మాట తెలీడం లేదే, ఏం భాష ఇది?
గట్టిగా చదువు సార్, అన్నాను.
చదివినాడు. పాలు. బడి. దోమ.
దోమ దగ్గర నవ్వినాడు,
వాళ్ల నాయనమ్మ అట్లా అనేదంట.
కుర్చీ వేసినాడు, టీ తెప్పించినాడు.
లిస్టు మాత్రం పైన ఉందన్నాడు.
ఆ ఆఫీసుకి పై అంతస్తు లేదు.

కాలువ పొంగి ఇళ్లల్లోకొచ్చిన వారంలో
మామకి జ్వరం. మూడో రోజు తెల్లారలేదు.
మనవరాలు వచ్చి, అక్కా రాయి, అంది.
సుద్ద చెమ్మగిలి ఉంది, రెండుసార్లు విరిగింది.
పన్నెండింటికి ఎత్తుతారు, అని ముందు రాసినాను.
పేరు దగ్గర ఆగినాను.
భ నాకు యాడుంది?
ఉన్న అక్షరంతోనే రాసినాను.

బడికి పోయే పిల్లలు సంచులు దించి
కూడబలుక్కుని చదివినారు:
పూ, లో, కం.
దానమ్మ కొడుకు అడిగినాడు,
పూలోకం అంటే అక్కా, పూలుండే ఊరా?
దిద్దుదామని చెయ్యెత్తినాను.
మళ్లీ దించేసినాను.

ఉంది మామా, ఇవాళ నీ పేరుంది.
దాని కింద ఇంకా జానెడు చోటుంది.
లారీ ఎన్నింటికో
ఇప్పటిదాకా ఫోన్ రాలేదు.